ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ బాడీ విప్పడం: స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు నుంచి మళ్లీ మూత పెట్టేదాకా

మా ఇంట్లో ప్రింటర్‌ను మొదటిసారి విప్పింది ఒక ఎరేజర్ ముక్క కోసం. వెనకాల కాగితాలు పెట్టే ట్రే ఎప్పుడూ తెరిచే ఉండేది. పిల్లల కంటికి అది డిబ్బీలా కనిపించినట్టుంది. కాగితం సగం దాకా లోపలికెళ్లి, ఒక పక్కకు వంకరపోయి ఆగేది. కనిపించిన స్క్రూలన్నీ తీశాక పైబాడీ వెనకవైపు లేచింది కానీ ముందువైపు కదల్లేదు. పక్కనే కూర్చున్న మా బావమరిది "కాస్త గట్టిగా లాగు బావా, అదే వస్తుంది" అన్నాడు. లాగాను. వచ్చింది. దాంతోపాటు స్క్రూ దిగే ప్లాస్టిక్ గొట్టం కూడా మొదలంటా విరిగి వచ్చింది. లోతైన గుంటలో ఒక స్క్రూ మిగిలిపోయిందని అప్పుడు తెలిసింది.

అందుకే ముందే చెప్పేస్తున్నాను. ప్రింటర్ బాడీకి బలంతో పని లేదు. అన్ని స్క్రూలూ తీసి, క్లిప్పులన్నీ వదిలిస్తే పైబాడీ రెండు చేతుల్లోకి తేలిగ్గా వచ్చేస్తుంది. రాలేదంటే మనం ఇంకా ఏదో చూడలేదని అర్థం.

ఇక్కడ చెప్పేది ఇళ్లలో, చిన్న జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే ఆల్-ఇన్-వన్ ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ గురించి. పైన స్కానర్, పక్కనో ముందో సిరా ట్యాంకులు, వెనక కాగితం ట్రే ఉండే రకం. ఎప్సన్ ఎల్ సిరీస్, కానన్ జీ సిరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్ వంటివన్నీ ఈ కుటుంబమే. స్క్రూలు ఎక్కడెక్కడ ఉంటాయన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. విప్పే వరుస మాత్రం దాదాపు ఒక్కటే.

అసలు విప్పాలా?

సగం సందర్భాల్లో అక్కర్లేదు. అక్షరాలు గీతలు గీతలుగా వస్తుంటే అది హెడ్ (కాగితం మీద సిరా చిమ్మే భాగం) క్లీనింగ్‌తో తేలే పని. బాడీ విప్పినా హెడ్ రంధ్రాలు తెరుచుకోవు. కాగితం ఇరుక్కుంటే మొదట వెనకవైపు మూత ఉందేమో చూడండి, చాలా మోడళ్లలో చేత్తో ఊడొస్తుంది. కాగితం జారుతూ లోపలికి వెళ్లకపోతే రబ్బరు రోలర్‌కు దుమ్ము పట్టి ఉంటుంది. టార్చి వేసి, కొద్దిగా తడిపిన గుడ్డతో వెనకనుంచే తుడవొచ్చు.

వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండిందన్న మెసేజ్ వస్తే కూడా తొందరపడొద్దు. హెడ్ శుభ్రం చేసుకునేటప్పుడు బయటికి వదిలే సిరాను పీల్చుకునే స్పాంజి అది. కొత్త మోడళ్లు కొన్నిటిలో దాన్ని ఒక పెట్టెలా చేసి, ఒకే స్క్రూతో బయటినుంచి తీసేలా పెట్టారు. పాత వాటిలో అయితే బాడీ విప్పాల్సి రావొచ్చు. వెనక, పక్కల ఒకసారి తడిమి చూశాకే నిర్ణయించుకోండి.

ఇక విప్పక తప్పని పనులు: లోపల పడ్డ పెన్ను మూత, హెయిర్‌పిన్, రూపాయి బిళ్ల; సిరా లేక గ్రీజు అంటుకున్న ఎన్‌కోడర్ పట్టీ (హెడ్ ఎక్కడుందో దానికి తెలిపే సన్నటి పట్టీ); పళ్లు ఊడిన గేరు; లోపల చేరిన బల్లి. చివరిది నవ్వులాట కాదు. అరుదుగా వాడే ప్రింటర్ చీకటిగా, వెచ్చగా ఉంటుంది కదా, బల్లులకూ బొద్దింకలకూ అంతకంటే ఏం కావాలి?

వారంటీ ఉంటే విప్పకండి. సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. వారంటీ దాటితే మీ వస్తువు, మీ ఇష్టం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మీ ప్రింటర్ కంపెనీ మాన్యువల్ అందులో దొరుకుతుందేమో విప్పే ముందు ఒకసారి చూడండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అందరం స్టార్ స్క్రూడ్రైవర్ అనే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ముఖ్యం. పీహెచ్2 సైజు, కొన అయస్కాంతం, కడ్డీ పొడవు కనీసం 15 సెంటీమీటర్లు. ఈ పొడవు దగ్గరే చాలామంది బోల్తాపడతారు. బాడీ స్క్రూలు కొన్ని బావుల్లాంటి లోతైన గుంటల అడుగున ఉంటాయి. పొట్టి స్క్రూడ్రైవర్ పిడి గుంట అంచుకు తగిలి ఆగుతుంది, కొన స్క్రూను సగమే పట్టుకుంటుంది, తిప్పితే తల అరిగిపోతుంది. కొన్ని ప్రింటర్లలో, ముఖ్యంగా హెచ్‌పీల్లో, ఆరు కోణాల నక్షత్రం తల ఉన్న టార్క్స్ స్క్రూలు ఉంటాయి. వాటికి టీ10 లాంటి బిట్టు కావాలి. మామూలు స్టార్‌తో ప్రయత్నిస్తే రెండూ పాడవుతాయి.

క్లిప్పులు వదిలించడానికి గడువు తీరిన ఏటీఎం కార్డులు రెండు మూడు. ఇనుప స్క్రూడ్రైవర్ దూరిస్తే అంచు తెల్లగా గీసుకుపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. వీటితోపాటు టార్చి, మెత్తటి పెయింట్ బ్రష్, పాత దినపత్రికలు, చేతికి గ్లౌజులు.

స్క్రూలు పెట్టుకోవడానికి నేను ఇడ్లీ ప్లేటు వాడతాను. స్కానర్ స్క్రూలు ఒక గుంటలో, ట్యాంకువి ఇంకో గుంటలో, బాడీవి మరో గుంటలో. ఇంట్లో వాళ్లను అడిగి తీసుకోండి, తర్వాత కడిగి ఇవ్వండి. మొత్తం ఒకే గిన్నెలో వేస్తే పొడవాటి స్క్రూ పొట్టి స్క్రూ చోటికి వెళ్లి, అవతలి వైపు ఉన్న భాగాన్ని పొడిచే ప్రమాదం ఉంది.

కరెంటు, హెడ్

ముందు ఆలోచించుకోవాల్సింది హెడ్ ఎక్కడ ఆగాలన్నది. స్విచ్ నొక్కి ఆపితే హెడ్ కుడి చివరికి వెళ్లి, రబ్బరు మూత మీద కూర్చుని లాక్ అవుతుంది. బాడీ తీయడం వరకే అయితే అదే మంచిది, హెడ్ ఆరిపోదు. లోపల హెడ్‌ను అటూ ఇటూ జరపాల్సిన పని ఉంటే, మెకానిక్కులు ఒక ఉపాయం చేస్తారు. ప్రింట్ ఇచ్చి, హెడ్ మధ్యలో కదులుతుండగా ప్లగ్ పీకేస్తారు. హెడ్ ఎక్కడిదక్కడే ఆగి, చేత్తో తోస్తే కదులుతుంది. కానీ మూత లేని హెడ్ గాలికి ఆరుతుంది. మే నెల ఎండల్లో, ఫ్యాన్ కింద ఈ పని పెట్టుకుంటే ఇంకా త్వరగా. మధ్యలో భోజనానికి లేవాల్సొస్తే హెడ్‌ను మెల్లగా కుడి చివరికి తోసి లేవండి.

తర్వాత ప్రింటర్ వెనకనుంచి కరెంటు వైరు, యూఎస్‌బీ కేబుల్ రెండూ తీసి పక్కన పడేయండి. గోడ దగ్గర స్విచ్ ఆపితే చాలదు. పది నిమిషాలు ఆగండి. లోపల పవర్ సప్లై ఒక డబ్బాలో ఉంటుంది. మన 230 వోల్టుల కరెంటును అది డీసీగా మార్చేటప్పుడు కరెంటును నిల్వచేసే పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలబడతాయి. ప్లగ్ తీసినా కాసేపు అవి అక్కడే ఉంటాయి. బాడీ విప్పండి, మెకానిజం చూడండి, కానీ ఆ డబ్బా మాత్రం తెరవకండి. ఇంట్లో చేసుకునే రిపేర్‌లో దాంతో పనే లేదు.

ప్రతి అడుగుకీ ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. గుర్తుంటుందిలే అనుకుంటాం. గుర్తుండదు.

స్కానర్

వెనక కాగితం ట్రే, లోపలికి ఏమీ పడకుండా ఉండే మూత, ఊడొచ్చేవన్నీ ముందు తీసేయండి. స్కానర్ మీది మూత చాలా మోడళ్లలో నిట్టనిలువుగా ఎత్తి పైకి లాగితే కీలుతో సహా వచ్చేస్తుంది. మూతలోనే కాగితాలు లాగే యంత్రం ఉన్న మోడల్ అయితే దానికి వైర్లుంటాయి, లాగకండి.

ఇప్పుడు స్కానర్ పెట్టెనే ఎత్తి చూడండి. దాన్ని నిలబెట్టే చెయ్యి ఒకటి, కుడి లేదా ఎడమ మూలనుంచి లోపలికి దిగే పలచటి పట్టీ కేబుల్ ఒకటి కనిపిస్తాయి. స్కానర్‌ను ఊడదీసే తొందరలో తెగేది ఈ కేబులే. రెండో చివర మెయిన్ బోర్డు మీద ఉంటుంది కాబట్టి, అక్కడిదాకా చెయ్యి వెళ్లేలా ముందుగా పక్క మూతో వెనక మూతో తీయాల్సి రావొచ్చు.

పట్టీ కేబుల్ తీయడంలో రెండు రకాలున్నాయి. కొన్ని సాకెట్లకు లాక్ ఉండదు, కేబుల్ చివర నీలం రంగు గట్టి పట్టీని రెండు వేళ్లతో పట్టి నిటారుగా లాగితే వస్తుంది. కొన్నిటికి సన్నటి తలుపులాంటి లాక్ ఉంటుంది. గోటితో దాన్ని పైకి లేపితే కేబుల్ దానంతటదే వదులవుతుంది. ఏ రకమో తేల్చుకోకుండా లాగొద్దు. తీసే ముందు మెరిసే గీతలు ఏ వైపుకు ఉన్నాయో ఫొటోలో కనిపించాలి. సిరా అంటిన వేళ్లతో ఆ గీతలను తాకొద్దు.

కేబుళ్లు వదిలాక కీలు దగ్గర స్క్రూలు తీసి, స్కానర్‌ను ఇద్దరు పట్టుకుని ఎత్తి, గాజు పైకి ఉండేలా దుప్పటి మీద పెట్టండి.

ట్యాంకు

ఈ మెట్టు దగ్గర నేల మీద పేపర్లు పరిచి ఉండాలి. ట్యాంకుల మూతలన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. పాత మోడళ్లు కొన్నిటిలో సిరా గొట్టాలను మూసే మర ఒకటి బయటికి ఉంటుంది. ఉంటే దాన్ని రవాణా గుర్తు వైపు తిప్పండి.

ట్యాంకు పక్కకు అతికించినట్టుండే రకమైతే ఒకటో రెండో స్క్రూలు తీసి, కొద్దిగా వెనక్కో పైకో జరిపితే విడివడుతుంది. గొట్టాలు మాత్రం లోపలికి హెడ్ దాకా వెళ్తూనే ఉంటాయి. అంచేత ట్యాంకును దూరంగా తీసుకెళ్లలేం, పక్కనే ఆనించి పెట్టాలి. ఎంత ఎత్తులో పెట్టామన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. మామూలుగా ట్యాంకులో సిరా మట్టం హెడ్ కంటే కాస్త కింద ఉండేలా కట్టి ఉంటారు. ఆ కొద్ది తేడా వల్లే సిరా రంధ్రాల్లోంచి కారకుండా ఆగి ఉంటుంది. ట్యాంకును ఎత్తైన స్టూలు మీద పెట్టారో, హెడ్ కింద సిరా బొట్లు బొట్లుగా కారడం మొదలవుతుంది. మరీ కిందకు దించితే సిరా వెనక్కి జారి గొట్టాల్లో గాలి చేరుతుంది. ఉన్న మట్టంలోనే, నిటారుగానే ఉంచండి. వాల్చొద్దు.

ట్యాంకులు బాడీ లోపలే ఇమిడి ఉన్న రకమైతే ఈ తలనొప్పి తక్కువ. వాటి ముందు మూత ఊడదీస్తే సరిపోతుంది.

కనపడని స్క్రూలు

బటన్లున్న ముందు ప్యానెల్ తర్వాతిది. సాధారణంగా క్లిప్పులతోనో, పై అంచున రెండు స్క్రూలతోనో ఉంటుంది. దాని వెనకాల కూడా ఒక పట్టీ కేబుల్ ఉందని మరిచిపోకుండా తీస్తే చాలు.

మిగిలిన బాడీ స్క్రూలు వెతకడానికి ఓపిక కావాలి. వెనకవైపు కింది అంచున ఒకటి రెండు కనిపిస్తూనే ఉంటాయి. స్కానర్ తీశాక లోపలి మూలల్లో లోతు గుంటలు బయటపడతాయి, టార్చి నిటారుగా వేస్తేనే అడుగున తల మెరుస్తుంది. ప్యానెల్ కింద, ముందు కాగితం బయటికొచ్చే నోటి పైభాగాన, ఇరుక్కున్న కాగితం తీయడానికి వెనక ఉండే మూత తీసిన ఖాళీలో చూడండి. స్టిక్కర్ల మీద వేలితో నొక్కుతూ పొండి, కింద గుంట ఉంటే వేలు దిగుతుంది. నాది చివరికి దొరికింది ట్యాంకు గొట్టాలు వెళ్లే దారి పక్కన, గొట్టాల నీడలో.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు మరలు ఎడం ఎడంగా, కొన సన్నగా ఉంటుంది. ఇనుప చట్రంలోకి దిగేవాటికి మరలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎర్త్ వైరుతో ఉన్న స్క్రూ కనిపిస్తే, అది బాడీది కాదు, ముట్టుకోవద్దు. హెడ్ నడిచే కడ్డీ చుట్టుపక్కల స్క్రూలు కూడా అంతే. అక్కడ హెడ్‌కూ కాగితానికీ మధ్య దూరం సెట్ చేసి ఉంటారు. పొరపాటున వదులు చేస్తే అక్షరాలు వంకరపోతాయి, దాన్ని మళ్లీ సరిచేయడం ఇంట్లో కష్టం.

క్లిప్పులు

ఇక మిగిలింది చప్పుడు వినే పని. బాడీ రెండు ముక్కల అంచుల్లో ఒకదానికి కొక్కెంలాంటి నాలుక, రెండోదానికి అది పట్టే కిటికీ ఉంటాయి. కిటికీ బయటికి కనిపిస్తుంటే నాలుకను లోపలికి నొక్కాలి. కనిపించకపోతే బయటి గోడను మీ వైపు కొద్దిగా లాగితే అది వదులుతుంది. ఏటీఎం కార్డును రెండు ముక్కల మధ్య సందులోకి దూర్చి పక్కకు జరుపుతూ పొండి. కార్డు ఎక్కడ అడ్డుపడిందో అక్కడే క్లిప్పు. వదిలిన చోట ఒక కార్డు అలాగే ఉంచి, రెండో కార్డుతో ముందుకు వెళ్లండి, లేకపోతే వెనకది మళ్లీ పట్టేసుకుంటుంది.

క్లిప్పు వదిలితే "టిక్" మని పలచటి చప్పుడొస్తుంది. విరిగితే "టప్" మని మొద్దు చప్పుడు. రెండోది ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు.

వెనకనుంచి మొదలుపెట్టండి. రెండు మూలలు లేచాక పక్కలు, చివర ముందువైపు. చాలా మోడళ్లలో ముందు నాలుకలు కింది బాడీలోకి దూరి ఉంటాయి కాబట్టి, వెనకవైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తి, మొత్తాన్ని ఆ నాలుకలు వదిలే వైపుకు కొద్దిగా జరిపి అప్పుడు పైకి లేపాలి. అన్ని క్లిప్పులూ వదిలినా ఒక మూల మాత్రం స్ప్రింగులా వెనక్కి లాగుతుంటే, ఆ మూలలో స్క్రూ ఉంది. కార్డులు తీసి మళ్లీ టార్చి పట్టుకోండి.

పాత ప్రింటర్ల ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. చలికాలం పొద్దున్నే విప్పేకంటే మధ్యాహ్నం వెచ్చబడ్డాక విప్పడం మేలు. అయినా విరిగితే ప్రపంచం మునిగిపోదు. ఒక క్లిప్పు పోయినా మిగతావి పట్టుకుంటాయి. స్క్రూ దిగే గొట్టం విరిగితే మాత్రం ఎపాక్సీ జిగురుతో చుట్టూ కట్టి, 24 గంటలు వదిలేయాలి. ఫెవిక్విక్ ఒక్కటే వేస్తే మొదటిసారి స్క్రూ బిగించగానే ఊడుతుంది. నేను చేసి చూశాను.

లోపల

పైబాడీ తీయగానే కనిపించే యంత్రం చూసి చాలామందికి ముచ్చటేస్తుంది, కొందరికి టెన్షన్. ముందు బ్రష్‌తో దుమ్ము దులపండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

హెడ్ వెనకాల అటునుంచి ఇటు బిగించి కట్టిన పారదర్శకమైన సన్నటి పట్టీ ఉంటుంది. అదే ఎన్‌కోడర్ పట్టీ. దగ్గరగా చూస్తే దాని మీద కంటికి ఆననంత సన్నటి గీతలుంటాయి. హెడ్ వాటిని లెక్కపెట్టుకుంటూ తానెక్కడుందో తెలుసుకుంటుంది. దాని మీద సిరా చుక్కో, గ్రీజు మరకో పడితే హెడ్‌కు లెక్క తప్పి, పక్కకు వెళ్లి ధడేల్మని కొట్టుకుని ఎర్రర్ చూపిస్తుంది. హెడ్ పాడైందని చాలామంది అనుకునేది ఇదే. నీళ్లతో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టి, పట్టీని లాగకుండా మెల్లగా తుడిస్తే చాలు. థిన్నర్, పెట్రోలు, స్పిరిట్ వాడితే గీతలే చెరిగిపోవచ్చు. ఒక చివర స్ప్రింగు ఉంటుంది, పట్టీ ఊడితే దాన్ని ఎలా తగిలించారో ఫొటో తీసి ఉంచుకోండి.

హెడ్ నడిచే కడ్డీ మీద తెల్లటి గ్రీజు మురికి కాదు, తుడిచేయకండి. దానిమీద వంటనూనో, తుప్పు వదిలించే స్ప్రేయో కొట్టకండి. హెడ్ నుంచి వచ్చే వెడల్పాటి పట్టీ కేబుల్‌ను అవసరం లేకుండా ఊడదీయకండి. అది సగమే కూర్చున్నా, దాని మీద సిరా తడి ఉన్నా, కరెంటు ఇచ్చిన క్షణంలో హెడ్డో బోర్డో కాలిపోవచ్చు. కొత్త హెడ్ ధర విన్నాక చాలామంది కొత్త ప్రింటర్ కొనడమే నయమనుకుంటారు.

పడ్డ వస్తువు కోసమైతే, కాగితం వెళ్లే దారిలో రోలర్ పక్క గేరును చేత్తో మెల్లగా తిప్పండి. వస్తువు తానే ముందుకొస్తుంది. నాకు దొరికిన ఎరేజర్ ముక్క చింతగింజంత కూడా లేదు.

మళ్లీ మూసేటప్పుడు

ఎదురు వరుసలో వెళ్లాలి, అంతే. అయితే మూసే ముందు నాలుగు చోట్ల చూడాలి. హెడ్‌ను ఈ చివరనుంచి ఆ చివరకు చేత్తో తోస్తే ఎక్కడా తగలకుండా వెళ్లాలి. సిరా గొట్టాలు, కేబుళ్లు బాడీ అంచు కింద నలగకూడదు. కాగితం వచ్చిందో లేదో చెప్పే చిన్న నల్ల మీట వేలితో నొక్కితే తిరిగి లేవాలి. స్కానర్ మూసినట్టు గుర్తించే మీట కూడా అంతే. ఇవి వంగి ఇరుక్కుంటే, అన్నీ బాగున్నా కాగితం లేదనో మూత తెరిచి ఉందనో మెసేజ్ వస్తూనే ఉంటుంది.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ బిగించేటప్పుడు మొదట బిగించే దిశకు ఎదురుగా, వెనక్కి తిప్పండి. పాత మరలోకి దిగినప్పుడు చిన్నగా "టక్" మంటుంది. అప్పుడు బిగించే వైపు తిప్పాలి. అలా కాకుండా నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుని, మూడోసారికి గుంట వదులైపోతుంది. చేతికి ఆగిన చోట ఆపండి. బ్యాటరీ డ్రిల్లు ఈ పనికి వద్దు.

ఇడ్లీ ప్లేటులో ఒక స్క్రూ మిగిలితే ఫొటోలు తిరగేయండి. బాడీ స్క్రూ మిగిలితే పెద్ద నష్టం లేదు కానీ, అది లోపలే రాలిపడి ఉంటే మాత్రం బోర్డు మీద షార్ట్ అవుతుంది. అందుకే కరెంటు ఇచ్చే ముందు ప్రింటర్‌ను మట్టంగానే ఉంచి రెండు పక్కలా పట్టుకుని చిన్నగా కదిపి, ఏదైనా గలగలమంటుందేమో వినండి.

ప్లగ్ పెట్టాక లైట్లన్నీ కలిపి మిణుకుమంటే కంగారుపడి మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కొద్దు. ప్లగ్ తీసి, పది నిమిషాలాగి, ముందు ప్యానెల్ కేబుల్, తర్వాత స్కానర్ కేబుల్ నిటారుగా కూర్చున్నాయో లేదో చూడండి. చాలాసార్లు అవే. అంతా సర్దుకుని హెడ్ మామూలుగా అటూ ఇటూ తిరిగి ఆగితే, హెడ్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ కాగితం ఒకటి తీయండి. ట్యాంకు కదిలింది కాబట్టి ఒకటి రెండు రంగుల్లో గీతలు తెగొచ్చు. ఒకసారి హెడ్ క్లీనింగ్ ఇచ్చి గంటసేపు వదిలేస్తే చాలావరకు సరిపోతుంది. వెంటవెంటనే ఐదుసార్లు క్లీనింగ్ ఇస్తే సిరా అంతా వేస్ట్ ప్యాడ్‌కే పోతుంది.

ఆ తర్వాత గాజు మీద ఆధార్ కార్డో, కరెంటు బిల్లో పెట్టి ఒక జిరాక్స్ తీయండి. స్కానర్ కేబుల్, ప్యానెల్ బటన్లు, కాగితం దారి, హెడ్ అన్నీ ఆ ఒక్క కాగితంలోనే తేలిపోతాయి.